పటిక, సున్నం, పైపు

మన ఊళ్ల పేర్లలో సముద్రాలు దాటినవి కొన్నే. వజ్రాల వల్ల గోల్కొండ దాటింది. అద్దకం బట్టల వల్ల మచిలీపట్నం దాటింది. నల్లగొండ దాటింది మాత్రం నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతి వల్ల. రీసెర్చ్ పేపర్లు వెతికే సైట్లలో 'నల్గొండ టెక్నిక్' అని కొట్టి చూడండి. ఇథియోపియా రిఫ్ట్ లోయలోని పల్లెలు వస్తాయి, టాంజానియాలో అరుషా చుట్టుపక్కల ఊళ్లు వస్తాయి, అక్కడి ఇళ్లలో బకెట్లు, ఆ బకెట్లలో పటిక.

పద్ధతి చెప్పడానికి సులువు. నీళ్లలో కొంచెం సున్నం, బ్లీచింగ్ పౌడర్, తగినంత పటిక వేసి కలపాలి. పటిక కరిగి మెత్తని తునకల్లాగా విడుతుంది. ఆ తునకలు ఫ్లోరైడ్‌ని పట్టుకుని మెల్లగా అడుక్కి దిగుతాయి. పైనున్న తేట నీళ్లు వంచుకుని వడగట్టుకుంటే తాగొచ్చు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, దీన్ని తయారుచేసింది. కరెంటు అక్కర్లేదు, దిగుమతి సామాను అక్కర్లేదు, బకెట్‌లో అయినా ఊరి ట్యాంకులో అయినా చేసుకోవచ్చు. పేద దేశాల కోసం చేసే పరిశోధన ఎలా ఉండాలని మనం అనుకుంటామో అచ్చం అలాగే ఉంది.

మరి నల్లగొండ సంగతేంటి? అక్కడ తాగునీటి సమస్య ఓ దారికి వచ్చింది గత పదేళ్లలోనే. అదీ పటికతో కాదు, కృష్ణా నీళ్లు మోసుకొచ్చిన పైపుతో. జబ్బు ఏమిటో, దేనివల్ల వస్తుందో తెలిసిన నాటి నుంచి పైపు వచ్చేదాకా దాదాపు ఎనభై ఏళ్లు. ఈ ఎనభై ఏళ్లూ శాస్త్రం ఖాళీగా కూర్చోలేదు. పేపర్ల మీద పేపర్లు వచ్చాయి, వాటిలో చాలా మంచివి కూడా ఉన్నాయి. అయినా ఇంత కాలం ఎందుకు పట్టింది?

కథ మొదలైంది అమెరికాలో. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు కనిపించాయి. మన దగ్గర గార పళ్లు అంటారే, అవే. ఏ పుస్తకంలోనూ దాని గురించి లేదు. మెకే ఏళ్ల తరబడి దాని వెంట పడి, నీళ్లలోనే ఏదో ఉందన్న అనుమానానికి వచ్చాడు. ఆ ఏదో ఏమిటన్నది మాత్రం చిక్కలేదు.

1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి నుంచి పిలుపొచ్చింది. పిల్లల పళ్లు పాడవుతున్నాయని తల్లిదండ్రుల గోల. దూరంగా ఉన్న ఒక వేడినీటి ఊట నుంచి ఊరికి కొత్తగా పైపు వేశాక మొదలైందని వాళ్లే పట్టుకున్నారు. మెకే నీళ్లు పరీక్ష చేయిస్తే అనుమానించాల్సిందేమీ దొరకలేదు. అయినా ఆ పైపు వదిలేసి దగ్గర్లోని ఇంకో ఊట నీళ్లు వాడమని సలహా ఇచ్చాడు. 1925లో ఊరు అలాగే చేసింది. కొన్నేళ్లకల్లా పిల్లలకు కొత్తగా వచ్చిన పళ్లు మరకల్లేకుండా వచ్చాయి.

అసలు కారణం దొరికింది ఆ తర్వాత ఆరేళ్లకి, 1931లో. అల్యూమినియం కంపెనీ ఆల్కోవాకి బాక్సైట్ అనే ఊళ్లో గనులున్నాయి. అక్కడా అవే మరకలు. అల్యూమినియం గిన్నెల వల్ల విషం ఎక్కుతోందని అప్పటికే పుకార్లు ఉండేవి, కంపెనీకి భయం పట్టుకుంది. కంపెనీ కెమిస్టు హెచ్.వి. చర్చిల్ ఆ నీళ్లను మామూలుగా ఎవరూ చేయని పరీక్షలు పెట్టి చూస్తే లీటరుకి 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తేలింది. ఆ దారినే ఇంకొంచెం ముందుకెళ్లి, లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఉంటే మరకలు పెద్దగా రావనీ, పళ్లు పుచ్చిపోవడం కూడా తగ్గుతుందనీ ట్రెండ్లీ డీన్ లెక్క తేల్చాడు. 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరం తన నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది.

ఓక్లీ విషయం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ ఊరు కారణం తెలియకుండానే నీళ్లు మార్చేసింది. ఏ నీళ్లు చెడ్డవో తెలిస్తే చాలింది. మార్చుకోగల అధికారం, స్తోమత ఊరికి ఉన్నాయి. రసాయనం పేరు తర్వాత తెలిసింది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఒక జబ్బు గురించి గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి రాశారు. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి వైపు పల్లెలవి. ముందు దుక్కిటెద్దులు కాళ్లు పట్టేసి నడవలేకపోవడం రైతులు గమనించారని, మనుషుల సంగతి ఆ తర్వాత బయటపడిందని చెబుతారు. నడివయసుకే నడుము వంగదు, మెడ తిరగదు, పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని కర్రలా బిగుసుకుపోతాయి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ని శాస్త్రం గుర్తించిన తొలి సందర్భం ఇదే. తెలుగు పల్లెల్లో. అదే ఏడాది డెన్మార్క్‌లో కై రోహోమ్ ఫ్లోరిన్ విషం మీద తన పెద్ద పుస్తకం అచ్చువేశాడు. కోపెన్‌హేగన్ క్రయోలైట్ ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చిన కార్మికుల ఎముకల్లో అతను చూసింది, నెల్లూరు రైతులు బావి నీళ్లు తాగి తెచ్చుకున్నది ఒకటే.

అంటే 1937 నాటికి ముఖ్యమైనవన్నీ తెలుసు. జబ్బు పేరు తెలుసు, కారణం తెలుసు, ఎంత మోతాదు దాటితే ప్రమాదమో సుమారుగా తెలుసు. మన రాళ్లు ఎలాంటివో కూడా భూగర్భ శాస్త్రానికి తెలుసు. తెలంగాణ, రాయలసీమ, ప్రకాశం వైపు నేలకింద ఉన్నది పాత గ్రానైట్. అందులో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వానలు తక్కువ, పగుళ్లలో నీళ్లు చాలాకాలం నిలవుంటాయి, క్షారగుణం ఎక్కువై కాల్షియం తక్కువైన నీళ్లు ఫ్లోరైడ్‌ని ఇంకా ఎక్కువ కరిగించుకుంటాయి. ఎవరూ కలపని విషం. ఎవరి మీదా కేసు పెట్టలేం. అందుకే కూడా ఎవరికీ తొందర పుట్టలేదేమో.

1955లో ఎ.హెచ్. సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశాడు. అదే 1955 డిసెంబర్‌లో, అదే జిల్లాలో, నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేశాడు. ఒకే ఏడాది, ఒకే జిల్లా. ఒకవైపు లండన్ పత్రికలో నల్లగొండ నీళ్ల విషం, ఇంకోవైపు ఆ జిల్లా అంచునే కృష్ణకి ఆనకట్ట. ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదికి వచ్చి ఉంటే ఎలా ఉండేదో.

1967లో సాగర్ కాలువలకి నీళ్లు వదిలారు. నీళ్లు పల్లానికి పోతాయి. మిర్యాలగూడ వైపు ఆయకట్టు పచ్చబడింది. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు ఉన్న ఎగువ ప్రాంతాలకు మాత్రం కాలువ అందదు, ఎత్తిపోస్తే తప్ప. ఫ్లోరైడ్ ఎక్కువగా పీడించిన పల్లెల్లో చాలావరకు ఆ ఎగువ వైపే ఉన్నాయి.

1973లో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో ఒక కొత్త సంగతి రాశారు. ముసలివాళ్ల వెన్ను బిగుసుకోవడం పాత కథ. ఇప్పుడు ఎదిగే పిల్లల్లో, కుర్రవాళ్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు ఎడంగా పోతున్నాయి, ఎముకలు గుల్లబారుతున్నాయి. ఎందుకిలా మారింది? వాళ్ల ప్రతిపాదన చాలా ఆసక్తిగా ఉంటుంది. పెద్ద ఆనకట్టలు వచ్చాక చుట్టుపక్కల భూగర్భ జలమట్టం పెరిగి, నేలలో క్షారగుణం పెరిగి, అక్కడ పండే జొన్నలో మాలిబ్డినం పెరుగుతుంది, అది ఒంట్లో రాగిని తగ్గిస్తుంది, ఫ్లోరైడ్ దానికి తోడవుతుంది. జొన్నరొట్టె, గటక తిని బతికే ఇంటి పిల్లల ఎముకల్లో ఆనకట్ట కనిపిస్తోందన్నమాట. ఆనకట్టల్ని గుళ్లుగా పూజిస్తున్న రోజుల్లో ఈ ముక్క రాయడానికి ధైర్యం కావాలి.

ఇక్కడే పరిశోధన స్వభావం గురించి ఒకటి కనిపిస్తుంది. డెంటిస్టుకి పళ్లు కనిపించాయి. పోషకాహార శాస్త్రవేత్తకి జొన్న, రాగి, మాలిబ్డినం కనిపించాయి. జియాలజిస్టుకి గ్రానైట్ కనిపించింది. నీరి ఇంజనీరుకి పటిక మోతాదు కనిపించింది. ఎవరికి వాళ్లు తమ చేతిలో ఉన్న కొలబద్దతో కొలిచారు, నిజాయితీగానే కొలిచారు. పైపు ఎవరి సబ్జెక్టూ కాదు. పైపు వేస్తే కొత్త విషయం ఏదీ కనిపెట్టినట్టు కాదు కాబట్టి దాని మీద పేపర్ రాదు.

నల్గొండ టెక్నిక్‌ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. పైపు లేదు, వచ్చే సూచన లేదు, ఈలోగా ఏం చేయొచ్చు అన్నది ఆ ఇంజనీర్ల ముందున్న ప్రశ్న. దానికి వాళ్లిచ్చిన జవాబు సరైనదే. మా వృత్తిలో దీన్ని వర్క్‌అరౌండ్ అంటాం. అసలు లోపం సరిచేసేదాకా పని ఆగకుండా చేసే ఏర్పాటు. వర్క్‌అరౌండ్‌తో వచ్చే చిక్కు ఏంటంటే, అది ఓ మోస్తరుగా పనిచేసినా చాలు, అసలు లోపాన్ని సరిచేయాల్సినవాళ్లకి తొందర పోతుంది.

పైగా ఆ బకెట్‌ని పేపర్‌లోంచి తీసి ఇంట్లో పెట్టి చూడండి. ఊరూరికీ, బోరు బోరుకీ ఫ్లోరైడ్ వేరు, కాబట్టి పటిక మోతాదూ వేరు. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువైతే నీళ్లు వగరెక్కుతాయి, అల్యూమినియం మిగులుతుంది. రోజూ కొలవాలి, కలపాలి, గంటసేపు తేటపడనివ్వాలి, వంచాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఆ మడ్డిలోనే ఫ్లోరైడ్ అంతా ఉంటుంది, మళ్లీ నేలలోకే పోతుంది. ఈ పని ఎవరు చేస్తారు? బోరు దగ్గర క్యూలో నిలబడి బిందె మోసుకొచ్చిన ఆవిడే. పొద్దున కూలికి పోయేముందు. పిల్లాడి ఎముకలు వంకర తిరగకూడదంటే ఏళ్ల తరబడి ఒక్కరోజు కూడా మానకుండా. ఈ పద్ధతిని చవకైనదంటారు. ఆవిడ టైముకి ధర కట్టకపోతే చవకే.

బోర్ల కథ కూడా ఇందులో కలిసే ఉంది. అంతకు ముందు మన పల్లెలు దిగుడు బావుల నీళ్లు, చెరువు నీళ్లు తాగేవి. వాటితో కలరా వచ్చేది, నారికురుపు వచ్చేది. లోతుగా బోరు వేసి చేతిపంపు పెడితే సూక్ష్మక్రిముల బెడద తగ్గుతుందన్నది ప్రజారోగ్య పరిశోధన చెప్పిన మాట, నిజమైన మాట. 1970ల నుంచి గట్టి రాతినేలల్లో బోర్లు పడ్డాయి, 2000 నాటికి దేశంలో నారికురుపు లేకుండా పోయింది. కానీ గ్రానైట్‌లో లోతుకి పోయేకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా పెరిగింది. ఒక గదిలో కూర్చున్నవాళ్లు క్రిముల్ని లెక్కపెట్టారు, ఇంకో గదిలో వాళ్లు ఫ్లోరైడ్‌ని లెక్కపెట్టారు. నీళ్లు తాగే మనిషి మాత్రం ఒక్కడే. బంగ్లాదేశ్‌లో ఇదే బోర్ల కథ ఆర్సెనిక్‌తో ఇంకా పెద్దగా జరిగింది.

2002లో పోషకాహార సంస్థ వాళ్లదే ఇంకో పేపర్ వచ్చింది. కొద్దిమంది బడిపిల్లలకు రోజూ కొంచెం చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందట. చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. పచ్చిపులుసు లేని పూట అరుదుగా ఉండే జిల్లా అది. శాస్త్రంగా అది మంచి పరిశీలనే. కానీ వరస చూడండి. 1925లో ఓక్లీకి చెప్పింది నీళ్లు మార్చమని. 1970లలో నల్లగొండకి చెప్పింది బకెట్‌లో నీళ్లు శుభ్రం చేసుకోమని. 2002కి వచ్చేసరికి పరిశోధన, తాగినది తాగాక ఒంట్లోంచి ఎలా పోగొట్టుకోవాలన్న దగ్గరికి చేరింది. పరిష్కారం ఊరి నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఒంట్లోకి జరుగుతూ వచ్చింది. సర్కారు చేయాల్సిన పని అంతకంతకూ కనపడకుండా పోయింది.

అయితే శాస్త్రం ఇచ్చినవాటిలో ఒకటి మాత్రం పల్లెవాళ్ల చేతికి గట్టిగా చిక్కింది. అది ఒక అంకె. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. 'మా నీళ్లు బాగాలేవు' అంటే అది ఫిర్యాదు. అన్ని పల్లెలూ అదే అంటాయి కదా అని ఆఫీసరు ఫైలు మూసేయొచ్చు. 'మా బోరులో దానికి ఇన్ని రెట్లుంది' అంటే మూయడం అంత తేలిక కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపు మీద నల్లగొండలో జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో మిగిలినవాళ్లు 480 మంది. బ్యాలెట్ పేపర్ పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. వాళ్లు గెలవడానికి నిలబడలేదు. మా ఊళ్లో నీళ్లు ఇలా ఉన్నాయని దేశానికి చెప్పడానికి నిలబడ్డారు. ఢిల్లీ నుంచి ముందు వచ్చిన జవాబు నీళ్ల గురించి కాదు, డిపాజిట్ గురించి. నల్లగొండ లాంటి అనుభవాల తర్వాత లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కి పెరిగింది. పేదవాడు మళ్లీ అలా నామినేషన్ వేయకుండా.

అయినా ఆ 480 పేర్లు చేసిన పని చిన్నది కాదు. నల్లగొండ నీళ్లు వైద్య సమస్యగా ఉన్నంత కాలం పేపర్లు వచ్చాయి. రాజకీయ సమస్య అయ్యాక హామీలు వచ్చాయి, తర్వాత తెలంగాణ ఉద్యమంలో వంకర తిరిగిన కాళ్ల ఫొటోలు ఒక ప్రధాన వాదనగా నిలబడ్డాయి. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ని చౌటుప్పల్‌లో పెట్టడం ఊరికే జరగలేదు. 2020లో కేంద్ర జలశక్తి శాఖ లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య సున్నాకి వచ్చింది.

ఆ సున్నా అంటే ఏమిటో కూడా అర్థం చేసుకోవాలి. ఆవాసానికి మంచినీటి సరఫరా చేరిందని దానర్థం. నేలకింద గ్రానైట్ మారలేదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మారలేదు. పైపు వారం రోజులు ఆగితే మళ్లీ బోరే దిక్కు. ఆ బోర్ల మీదే కూరగాయలు పండుతున్నాయి, పశువులు తాగుతున్నాయి. నల్లగొండ ఎగువకి కృష్ణా నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. 2025 ఫిబ్రవరిలో అందులో పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు చిక్కుకుపోయారు. పైపుకి ముందు తాగినవాళ్ల ఎముకల్లో చేరింది అక్కడే ఉంది. బిగుసుకున్న వెన్నుకి మందు లేదు. వాళ్లకిప్పుడు కావాల్సింది పెన్షన్, నొప్పి తగ్గించే వైద్యం, ఆపరేషన్‌తో లాభం ఉంటే ఆ ఆపరేషన్. లెక్కల్లో ఆవాసం సున్నా అయిపోతే ఆ మనిషిని ఎవరు లెక్కపెడతారు?

పరిశోధన వల్ల ప్రయోజనం లేదని ఎవరైనా ఈ కథని వాడుకుంటే అది తప్పు వాడకం. షార్ట్ బృందం పేరు పెట్టకపోతే, సిద్దిఖీ, కృష్ణమాచారి, కృష్ణస్వామి రాయకపోతే అది ఎవరో చేసుకున్న పాపంగా, ఆ ఊరికి తగిలిన శాపంగానే మిగిలిపోయేది. కానీ తెలియడం ఒక పని, తెలిసినదాన్ని జరిపించడం ఇంకో పని. రెండో పని మన దగ్గర జరగనప్పుడల్లా దాని బదులు మొదటి పనే మళ్లీ మళ్లీ చేస్తూ పోయాం. ఇంకో సర్వే, ఇంకో ఫిల్టర్, ఇంకో ఆహార సలహా.

ఇప్పటికీ నెలకోసారైనా మన ఫోన్లలోకి ఒక వార్త వస్తుంది. ఫలానా ఐఐటీ వాళ్లు చవకైన వాటర్ ఫిల్టర్ కనిపెట్టారు, ఫలానా యూనివర్సిటీ వాళ్లు పొగ రాని పొయ్యి చేశారు. సంతోషించాల్సిందే, షేర్ చేయాల్సిందే. షేర్ చేసేముందు ఒక్కటి అడిగి చూడండి. ఇది పనిచేయాలంటే రోజూ చేయాల్సిన పని ఎవరి నెత్తిన పడుతుంది? ఓక్లీలో ఆ పని ఊరు ఒక్కసారి చేసి వదిలేసింది. నల్లగొండలో మాత్రం ప్రతి పొద్దున చేసుకోమని ఒక బకెట్ ఇచ్చారు.